ఫోన్‌లో మార్స్, మార్స్‌లో గోల్ఫ్: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే గేమ్ గురించి. పేరు 'గోల్ఫ్ ఆన్ మార్స్', 2020లో వచ్చింది, ఇప్పుడెందుకు మన బెజవాడ, గుంటూరు కాలేజీ పిల్లలకి పట్టుకుందో తెలీదు గానీ పట్టుకుంది. సరే, ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. చర్మం, జుట్టు, లోన్ల ప్రశ్నలు పంపినవాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీదే.

మా వాడు ఇంజనీరింగ్ సెకండియర్. అన్నం తినేటప్పుడు కూడా ఫోన్‌లో ఎర్రటి నేల మీద చిన్న చుక్కని వేలితో లాగి వదుల్తా ఉంటాడు. ఏంట్రా అంటే గోల్ఫ్ అంటాడు. డబ్బులు పెట్టి ఆడే ఆటేమోనని భయంగా ఉందండి.
*ఒక అమ్మ, పటమట*

అమ్మా, ముందు ఆ భయం తీసేయండి. రమ్మీ, బెట్టింగ్ లాంటివాటిని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు కదా, ఇది ఆ జాతి ఆట కాదు. ఒకసారి కొంచెం డబ్బు పెట్టి కొనుక్కోవడమే, తర్వాత లోపల కాయిన్లు కొనమని అడగదు, యాడ్లు రావు. స్క్రీన్ మీద ఒక బంతి, దూరంగా ఒక గుంట, మధ్యలో మట్టి దిబ్బలు, పైన మీవాడు ఇప్పటిదాకా ఎన్ని షాట్లు కొట్టాడో ఒక నంబరు. వేలు పెట్టి వెనక్కి లాగి వదిలితే బంతి ఎగురుతుంది, గుంటలో పడితే తర్వాతి గుంట. అంతేనండి, నిజంగా అంతే. కథ లేదు, విలన్ లేడు, రోజూ వచ్చి గిఫ్ట్ తీసుకోమని నోటిఫికేషన్లు పంపడం లేదు.

చేసినాయన కెనడాలో ఉండే జస్టిన్ స్మిత్. 2014లో ఇదే ఆటని ఎడారిలో పెట్టి 'డెజర్ట్ గోల్ఫింగ్' అని వదిలాడు, మన మంగళ్‌యాన్ మార్స్ చేరిన సంవత్సరమే అది. ఆ గేమ్‌లో చాలాసేపు ఇసుక తప్ప ఏమీ ఉండదు, ఉన్నట్టుండి ఒక క్యాక్టస్ కనపడుద్ది, అంతే, ఆడేవాళ్లకి అదో పెద్ద వార్త, ఫ్రెండ్స్‌కి స్క్రీన్‌షాట్లు పంపేసుకుంటారు. అంత ఖాళీగా ఉంచబట్టే ఒక్క మొక్కకి అంత విలువొచ్చింది. మార్స్ ఆట దానికి తమ్ముడన్నమాట.

అన్నం దగ్గర ఫోన్ సంగతంటారా, అది ఏ గేమైనా తప్పే, అక్కడ మాత్రం మీరు తిట్టొచ్చు.

అన్నా, ఒకే హోల్ దగ్గర ఇరుక్కుని షాట్లన్నీ తగలేశా, టోటల్ చూస్తే ఏడుపొస్తుంది. రీస్టార్ట్ బటన్ ఎక్కడుంది? అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోనా?
*డిగ్రీ స్టూడెంట్, సత్యనారాయణపురం*

రీస్టార్ట్ లేదు తమ్ముడూ. మర్చిపోయి పెట్టకపోవడం కాదు, కావాలనే పెట్టలేదు. కొట్టిన షాట్ కొట్టినట్టే, లెక్కలో పడినట్టే. నన్నడిగితే గేమ్ మొత్తంలో అసలు తెలివైన పని ఇదే. మిగతా గేముల్లో మనం ఒక లెవెల్‌ని యాభైసార్లు చెరిపి రాసి చివరికి ఒక్కసారి బాగా వస్తే అదే మన ఆట అని చెప్పుకుంటాం, ఇక్కడ ఆ వేషాలు కుదరవు.

ఇంకోటి, నువ్వు అనుకున్నంత నష్టం కూడా ఏం జరగలేదు. 200 హోల్స్‌కి 500 షాట్లు కొట్టావనుకో, సగటు రెండున్నర. మధ్యలో ఒక దిక్కుమాలిన హోల్ 20 షాట్లు ఎక్కువ తినేసినా మొత్తం 520, సగటు 2.6. మరో వెయ్యి హోల్స్ ఆడితే ఆ 20 ఎక్కడున్నాయో నీకే కనపడవు. అన్‌ఇన్‌స్టాల్ చేయకు, ఆడుకుంటూ పో.

ఈ గేమ్‌లో రెండున్నర వేల కోట్లకి పైగా హోల్స్ ఉన్నాయంటున్నారు. యాప్ చూస్తే చిన్నది. ఇన్ని మ్యాపులు ఎక్కడ దాచారు సార్?
*కంప్యూటర్ లెక్చరర్‌ని, పేరొద్దు, గుంటూరు*

మేడమ్, లేదా సార్, మీరే కంప్యూటర్ లెక్చరర్ అయ్యుండి మమ్మల్ని పరీక్ష పెడుతున్నారేమో అని అనుమానం. అయినా చెప్తాం. దాచలేదండి, ఏదీ గీసి పెట్టలేదు. ముగ్గు తెలిసినవాళ్లు ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు, ఎటు తిప్పాలి అన్న లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, ముగ్గుని మడిచి బీరువాలో పెట్టుకోరు కదా, ఇదీ అంతే. హోల్ నంబర్ని ఒక ఫార్ములాకి ఇస్తే దిబ్బ ఎంత ఎత్తు, గుంట ఎంత దూరం అనేవి అప్పటికప్పుడు లెక్కగా వచ్చేస్తాయి. చూడ్డానికి యాదృచ్ఛికంగా ఉంటాయి గానీ అదే నంబరిస్తే ఎప్పుడూ అదే దిబ్బ వస్తుంది. అందుకే ఎడారి గేమ్‌లో మీకొచ్చిన 212వ హోల్, అమెరికాలో మీ మరదలికొచ్చిన 212వ హోల్ అచ్చంగా ఒకటే.

అన్ని హోల్స్ పూర్తి చేయాలని ఎవరన్నా అనుకుంటుంటే మాత్రం, ఒక్కోటి పది సెకన్లలో లేపేసినా తిండీ నిద్రా లేకుండా దాదాపు ఎనిమిది వేల ఏళ్లు పడుతుంది.

నిజంగా మార్స్ మీద గోల్ఫ్ ఆడితే బంతి ఎంత దూరం పోద్ది? గ్రావిటీ ఒక్కటే తేడానా?
*బీటెక్ మెకానికల్, బ్రాడీపేట*

ఈ ప్రశ్న కోసమే కూర్చున్నాం. అక్కడ గ్రావిటీ 3.71, మనకి 9.81, అంటే మన దాంట్లో 38 శాతం. ఇప్పుడు బంతిని సెకనుకి 70 మీటర్ల స్పీడ్‌తో, 45 డిగ్రీల్లో లేపావనుకో, గాలి లేదనుకుంటే ఇక్కడ 500 మీటర్లు, అక్కడ 1,300 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లే. అంటే మార్స్ గ్రావిటీ ఉంటే విజయవాడ వైపు గేటు దగ్గర నిలబడి కొట్టిన బంతి బ్యారేజీ మొత్తం దాటుకుని సీతానగరం వైపు రోడ్డు మీద పడుద్ది, పైగా 26 సెకన్ల పాటు గాల్లోనే ఉంటది, అంతసేపట్లో నువ్వు ఫోన్ తీసి వీడియో ఆన్ చేసుకుని మరీ తీసుకోవచ్చు.

గాలి లేదనుకుంటే అన్నా కదా, అసలు కిటుకు అక్కడుంది. మార్స్ మీద గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక్క శాతం కూడా లేదు, ఉన్నదాంట్లోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే. కాబట్టి ఆ లెక్క అక్కడ దాదాపు నిజమే అవుద్ది, ఇక్కడ మాత్రం అబద్ధం, ఎందుకంటే మన గాలి బంతిని లాగేస్తుంది. గోల్ఫ్ బంతి మీద గుంటలు గుంటలుగా ఉంటాయి చూడు, ఆ లాగుడు తగ్గించడానికే అవి. వెనక్కి తిరిగే స్పిన్ ఉంటే బంతిని గాలి పైకి కూడా ఎత్తుతుంది, అందుకే ఇక్కడ పెద్ద ప్లేయర్లు 45 డిగ్రీల్లో కాకుండా బాగా కిందగా కొడతారు. మార్స్ మీద ఆ గుంటలూ దండగే, ఎత్తడమూ ఉండదు. ఒక లాభం ఏంటంటే కొత్తగా నేర్చుకునేవాళ్ల బంతి పక్కకి వంగిపోయే జబ్బు కూడా ఉండదు, ఎందుకంటే వంచేది గాలే.

ఇక్కడ గేమ్‌ని మెచ్చుకోవాలి. ఎడారి గేమ్‌లో లేని స్పిన్‌ని మార్స్ గేమ్‌లో పెట్టాడు. గాలే లేని చోట స్పిన్ ఎందుకురా అని నువ్వు అడగొచ్చు. గాల్లో పనికిరాదు, నిజమే, కానీ నేలకి తగిలిన క్షణంలో ముందుకి దొర్లాలా, అక్కడే ఆగాలా, వెనక్కి రావాలా అన్నది స్పినే తేలుస్తుంది. మార్స్ అయినా మంగళగిరి అయినా నేలతో రాపిడి రాపిడే కదా.

గేమ్‌లో చెప్పనిది చలి. అక్కడ సగటున సున్నాకి 60 డిగ్రీలు కింద. ఆ చలికి బంతి బిగుసుకుపోయి బ్యాట్ మీద నుంచి సరిగ్గా ఎగరదు, కాబట్టి నీ 70 మీటర్ల స్పీడే డౌటు. బ్యాట్ అనకూడదు, క్లబ్ అనాలి, మనకి క్రికెట్ అలవాటు.

చంద్రుడి మీద ఎవరో గోల్ఫ్ ఆడారని మా మనవడు అంటున్నాడు. నేను నమ్మలేదు. పందెం కూడా కాశాను.
*రిటైర్డ్ బ్యాంక్ ఉద్యోగి, లక్ష్మీపురం, గుంటూరు*

మాస్టారూ, పందెం డబ్బులు ఇచ్చేయండి. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 కమాండర్ అలన్ షెపర్డ్ కొట్టాడు. మట్టి శాంపిల్ తీసే పరికరం పిడికి 'సిక్స్ ఐరన్' అనే రకం గోల్ఫ్ క్లబ్ తల తగిలించుకున్నాడు, స్పేస్ సూట్ బిగుతుకి రెండు చేతులూ కలవక ఒంటి చేత్తోనే ఊపాడు. రెండో బంతి కొట్టి మైళ్లకి మైళ్లు పోయిందని సరదాగా అన్నాడు, 2021లో పాత ఫొటోల్ని శుభ్రం చేసి కొలిస్తే మొదటిది 24 గజాలు, రెండోది 40 గజాలు తేలింది. అయినా ఒంటి చేత్తో, ఆ సూట్‌లో, అంత బరువు మోసుకుంటూ అసలు బంతికి తగిలించడమే గొప్ప అని నా అభిప్రాయం. బంతులు రెండూ అక్కడే ఉన్నాయి. మనవడికి పందెం డబ్బుతో పాటు ఈ మాట కూడా చెప్పండి, వాడు మైళ్లే అనుకుంటూ ఉండొచ్చు.

కుజ దోషం ఉన్నవాళ్లు ఈ గేమ్ ఆడొచ్చా?
*పెళ్లి కుదరని కుర్రాడు, గవర్నర్‌పేట*

ఆడొచ్చు. కుజుడి మీదే వేల గుంటలు పూడ్చినవాడికి ఆయన కూడా కాస్త లొంగుతాడేమో. సంబంధాలు చూడటం మాత్రం ఆపకు.

ఏటవాలు దిబ్బ మీద హోల్ ఉంటే బంతి దగ్గరిదాకా పోయి దొర్లి మళ్లీ కిందకొచ్చేస్తుంది. ఒక్క టిప్ చెప్పండి ప్లీజ్.
*ఇంటర్ అమ్మాయి, తాడేపల్లి*

చిన్న చిన్న షాట్లతో ఎక్కించాలని చూడకమ్మా, అవన్నీ దొర్లి వచ్చేస్తాయి, లెక్క మాత్రం పెరుగుద్ది. బంతిని బాగా ఎత్తుగా లేపు, నిలువుగా దిగేట్టు, అప్పుడు పక్కకి దొర్లే వేగం తక్కువ ఉంటుంది. హోల్ వెనకాల దిబ్బ ఇంకా పైకి పోతుంటే కావాలనే కొంచెం దాటించు, పైనుంచి దొర్లుకుంటూ వచ్చి అదే పడుద్ది. వెనకాల ఏమీ లేకుండా జారుడుగా ఉంటే మాత్రం బ్యాక్ స్పిన్ వాడు. ఎల్లుండి ఫిజిక్స్ పరీక్ష ఉందని చివర్లో రాశావు కదా, ప్రొజెక్టైల్ మోషన్ చాప్టర్ ముందు చదువు, టిప్ మొత్తం అందులోదే.