సాక్ష్యం చెప్పి, ఇంటికి వచ్చి ఏడుస్తున్నాను

ప్రశ్న: నా వయసు 42. ఉపాధ్యాయురాలిని. మాది గుంటూరు జిల్లా, మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. రెండేళ్ల క్రితం మావారు గుండెపోటుతో చనిపోయారు. పాప ఇంటర్, బాబు తొమ్మిదో తరగతి. ఆదివారం ఆరాధనలో లేచి ‘ప్రభువు నన్ను ఆదరించాడు’ అని సాక్ష్యం చెబుతాను, క్వయర్‌లో పాడతాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడుస్తాను. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి కానీ మనసుకు ఏదీ తగలదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఇక తెల్లవారకపోతే బాగుండును అనిపిస్తుంది. డాక్టరు డిప్రెషన్ అని మందులు రాశారు. మా పెద్దమ్మేమో, ‘నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే వెలుగు రావడం లేదు, మందులు మానేసి ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చెయ్యి’ అంది. పది రోజులు వాడి ఆపేశాను. దేవుని వెలుగు నా జీవితంలోకి రావాలంటే ఏం చేయాలి?

జవాబు: సహోదరీ, తెల్లవారకపోతే బాగుండును అన్న మాట దగ్గరే ముందు ఆగుతున్నాను. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా వస్తోందా? వస్తుంటే ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఇప్పుడే ఇంట్లో ఒక పెద్దవారికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. ప్రభుత్వ సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అలా చెప్పుకోవడం విశ్వాసానికి మచ్చ కాదు.

ఇక మందుల సంగతి. ఇవి పది రోజుల్లో గుణం చూపేవి కావు. తేడా తెలియడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే కొందరికి తల తిరగడం, నిద్ర చెడడం, చికాకు పెరగడం జరుగుతుంది. మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకుండా, అదే డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే వెళ్లి, ఆపేసిన సంగతి దాచకుండా చెప్పండి. మూడింటికి మెలకువ వస్తుందన్నది కూడా చెప్పండి, వైద్యులకు అది పనికివచ్చే వివరం.

ఉపవాసం ఇప్పుడు వద్దు. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యానికి పారిపోయి, చెట్టు కింద కూర్చుని, చావు ప్రసాదించమని అడిగాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీసి చూడండి. దేవుడు అతణ్ణి గద్దించలేదు, పాపాలు ఏకరువు పెట్టలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. రొట్టె, నీళ్లు. అతడు తిని మళ్లీ పడుకుంటే దూత రెండోసారి వచ్చి తినమన్నాడు. దేవుని మెల్లని స్వరం అతడికి వినబడింది ఆ తర్వాతే. ఈ వరుసను మన సంఘాల్లో తరచుగా తలకిందులు చేస్తుంటాం. మీ గుంటూరు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1883లో మిషనరీగా వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడి స్త్రీలకు సువార్తతో పాటు వైద్యం కూడా తెచ్చారు. ఆమె పేరుతో ఆసుపత్రే నిలిచింది. పౌలు వెంట నడిచిన లూకా కూడా వైద్యుడే. మాత్ర వేసుకుంటే ప్రభువును నమ్మనట్టు అవుతుందని మనకు ఎవరు నేర్పారో నాకు అర్థం కాదు.

పాపం మాటకు నా దగ్గర ఒకే జవాబుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగితే, ‘వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు’ అని యేసు అన్నాడు. భర్త పోయిన మనిషిలో దుఃఖానికి వేరే కారణం వెతకనక్కర లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆదివారం సాక్ష్యం. మీరు మోసం చేస్తున్నారని అనను. మూడు తరాల పరువు, పిల్లల ముందు ధైర్యం, సంఘంలో విధవరాలిపై పడే చూపులు, అన్నీ కలిసి మిమ్మల్ని అలా నిలబెట్టాయి. కానీ వారం వారం ‘ఆదరించాడు’ అని చెబుతుంటే మీకు ఆదరణ అవసరమని ఎవరికి తెలుస్తుంది? యోహాను తన మొదటి పత్రికలో, ఆయన వెలుగులో ఉన్నట్టు మనమూ వెలుగులో నడిస్తే మనకు అన్యోన్య సహవాసం కలుగుతుందని రాశాడు. వెలుగులో నడిచినవారికి ఆయన చెప్పిన మొదటి ఫలితం చూశారా? మనిషికి మనిషి దొరకడం. వెలుగంటే గుండెలో కలిగే వెచ్చదనమని అనుకుని మీరు దానికోసం ఎదురుచూస్తున్నారు. నాకు అర్థమైనంతలో అది దాపరికం లేకుండా నిలబడటంతో మొదలవుతుంది, ముందు దేవుని ఎదుట, తర్వాత కనీసం ఒక్క మనిషి ఎదుట.

దేవుని ఎదుట దాచకుండా మాట్లాడటానికి కీర్తనలే మనకు నోరు ఇచ్చాయి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. చివర స్తుతి లేదు, అయినా అది వాక్యంలో భాగమే. సిలువ మీద మధ్యాహ్నం నుంచి మూడు గంటల వరకు దేశమంతా చీకటి కమ్మినప్పుడు, ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అన్నది మన ప్రభువే. మదర్ థెరిసా పోయిన పదేళ్లకు, 2007లో ఆమె ఉత్తరాలు అచ్చయ్యాయి. ఎన్నో ఏళ్లు తన లోపల దేవుని సన్నిధి తెలియలేదని ఆమె అందులో రాసుకున్నారు. ఆ ఏళ్లలోనే రోగుల పక్కన కూర్చున్నారు. ఏమీ తగలడం లేదంటే దేవుడు వెళ్లిపోయాడని అర్థం చేసుకోకండి.

మూడింటికి మెలకువ వచ్చినప్పుడు 13వ కీర్తన చాలు. ఆరే వచనాలు. పైకి వినబడేలా చదవండి. ‘నేను మరణనిద్ర నొందకుండను నా కన్నులకు వెలుగిమ్ము’ అని దావీదు అడుగుతాడు. మీ ప్రశ్న అతడిది కూడా. ఏడుపు వస్తే ఆపుకోకండి. ఆపై వచనాల్లోని ఆనందం మీకు ఇంకా రాకపోతే అక్కడే ఆపేయండి.

మనిషి సంగతికి వస్తే, పెద్దమ్మ గారితో మొదలుపెట్టకండి. ఆమెకు ప్రేమ ఉంది, భయం అంతకన్నా ఎక్కువ ఉంది. ‘పెద్దమ్మా, నాకోసం ప్రార్థన చెయ్యి, మందులు మాత్రం డాక్టరు గారు చెప్పినట్టే వాడతాను’ అని చెప్పి, వాదన పెంచకండి. మీ స్త్రీల సమాజంలో భర్తను పోగొట్టుకుని కొన్నేళ్లు గడిచిన వారు ఉంటారు. వారిలో విన్నమాట కడుపులో దాచుకునే ఒకరిని ఎంచుకుని ఇంటికి పిలిచి, నాకు రాసినదే చెప్పండి. పాస్టరమ్మ గారిపై నమ్మకం ఉంటే ఆమెకైనా సరే. సాక్ష్యం కొన్నాళ్లు మానండి. పాడాలని లేని ఆదివారం క్వయర్‌లో నిలబడకుండా వెనుక బల్లపై కూర్చోండి. మీకు బదులు సంఘం పాడుతుంది, సంఘం ఉన్నది అందుకే.

పాపకు కూడా చెప్పాలి. తలుపు వెనుక ఏడుపు ఆమెకు ఎప్పుడో తెలుసు. ‘నాన్న లేక నాకు బాగా కష్టంగా ఉంది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, నయమవుతుంది’ అన్నంత చాలు. ధైర్యం చెప్పే బాధ్యత మాత్రం ఆమెపై పెట్టకండి. బాబు నాన్న గురించి మాట తీస్తే ఆపకండి, మీ కళ్లలో నీళ్లు వచ్చినా సరే.

డాక్టరును కలిసి వచ్చాక మళ్లీ రాయండి.