మెడ నాళం ఆపరేషన్‌లో తలకు డాప్లర్ పెట్టకపోతే ప్రమాదమా?
మీ నాన్నగారికి మాట తడబడి కాసేపటికి సర్దుకుందని, మెడ ఎడమవైపు రక్తనాళంలో 80 శాతం బ్లాక్ ఉందని రాశారు. తలకు డాప్లర్ పెట్టే ఆసుపత్రికే వెళ్లాలా, పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యాక వెళ్లొచ్చా అని అడిగారు. రెండోదానికి జవాబు ముందు చెప్తాను: ఆగకండి. అలా మాట తడబడిన రెండు వారాల్లోపు చేస్తేనే ఆ బ్లాక్ తీసే ఈ ఆపరేషన్ వల్ల ఎక్కువ ప్రయోజనం.

నేను డాక్టర్ని కాను. మాది నరసన్నపేట. మా పెదనాన్నకి ఇదే ఆపరేషన్ విశాఖలో అయితే దగ్గరుండి చూసుకున్నాను.

బ్లాక్ కనిపెట్టిన మెడ డాప్లర్ వేరు, ఆపరేషన్‌లో తలకు పెట్టే ఈ డాప్లర్ వేరు. కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది. అక్కడ ప్రోబ్ పెట్టి మెదడులోని పెద్ద నాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. పూడిక తీయాలంటే మెడ నాళానికి క్లాంప్ వేసి కాసేపు రక్తం ఆపాలి కదా, ఆ కాసేపూ మిగతా నాళాల నుంచి మెదడుకి రక్తం చాలుతోందా అన్నదే టెన్షన్. వేగం బాగా పడిపోతే షంట్ అనే సన్న గొట్టం పెట్టి రక్తం పంపిస్తారు. చాలామందికి ఆ అవసరమే రాదు.

నాకు అంతకన్నా ముఖ్యం అనిపించింది ఇంకోటి. పూడిక ముక్క గానీ గాలి బుడగ గానీ పైకి కొట్టుకుపోతే ఆ మెషిన్ కిచకిచమంటుంది. ఈ ఆపరేషన్‌లో వచ్చే పక్షవాతాల్లో ఎక్కువ భాగం రక్తం చాలక కాదు, ఇలాంటి ముక్కలు, గడ్డల వల్లే. శబ్దం వినగానే సర్జన్ జాగ్రత్తపడతారు.

అలాగని మెషిన్ లేకపోతే కొంప మునగదు. కొందరికి, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లకి, కణత ఎముక మందంగా ఉండి సిగ్నలే దొరకదు. అప్పుడు ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాలు, చూస్తారు. లేదా మెడ భాగానికి మాత్రమే మత్తిచ్చి, మాట్లాడిస్తూ, చెయ్యి పిడికిలి పట్టమంటూ చేస్తారు. సుమారు 3,500 మందితో చేసి 2008లో ప్రచురించిన గాలా అధ్యయనంలో పూర్తి మత్తుకీ ఈ పద్ధతికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అందుకే మెషిన్ ఉందా అని కాకుండా, సర్జన్‌ని ఇలా అడగండి: ఏడాదికి ఎన్ని చేస్తారు, వాళ్లలో ఎందరికి పక్షవాతం వచ్చింది, షంట్ పెట్టాలని దేన్నిబట్టి నిర్ణయిస్తారు, కుట్లు వేశాక నాళాన్ని మళ్లీ స్కాన్ చేస్తారా. మేం మొదట వెళ్లినచోట "అవన్నీ మీకెందుకండీ" అన్నారు. లేచి వచ్చేశాం. రెండోచోట విసుక్కోకుండా కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు.

ఆపరేషన్ తర్వాత బీపీ విషయంలో కఠినంగా ఉండాలి. ఇన్నాళ్లూ తక్కువ రక్తానికి అలవాటుపడిన మెదడులోకి ఒక్కసారిగా ఎక్కువ వస్తుంది. మొదటి వారాల్లో ఆపరేషన్ అయిన వైపు తీవ్రమైన తలనొప్పి వచ్చినా, ఫిట్స్ వచ్చినా మాత్ర వేసి పడుకోబెట్టకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెదనాన్న రెండో రోజు నుంచే ఇంటికి పోదామని ఒకటే గొడవ. బీపీ కుదురుకునేదాకా మేం విశాఖలోనే చుట్టాలింట్లో ఉంచాం. మీరూ వీలైతే అలాగే చేయండి.