సెంటీపాయిజ్, పాస్కల్-సెకండ్, సెంటీస్టోక్స్: గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఏది ఎలా మార్చుకోవాలి?

మీ విస్కోమీటర్ గుజ్జు స్నిగ్ధతను, అంటే అది ఎంత చిక్కగా ఉందో, సెంటీపాయిజ్‌లో చూపిస్తోంది, కొనేవాళ్ల స్పెసిఫికేషన్ మిల్లీపాస్కల్-సెకండ్లలో ఉంది, పంపు సప్లయర్ సెంటీస్టోక్స్ అడుగుతున్నాడు, దేన్ని దేంతో గుణించాలి అని కదా మీ ప్రశ్న. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కొన్ని సీజన్లు పనిచేశాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

మొదటిదానికి గుణకారమే అక్కర్లేదండి. ఒక సెంటీపాయిజ్ అంటే సరిగ్గా ఒక మిల్లీపాస్కల్-సెకండ్. అంకె అలాగే ఉంచి యూనిట్ పేరు మార్చేయండి. పాస్కల్-సెకండ్ కావాలంటే 1000తో భాగించండి. పాయిజ్ కావాలంటే 100తో. రూపాయి, పైసల లెక్కే.

చాలామంది తడబడేది పాయిజ్‌కీ పాస్కల్-సెకండ్‌కీ మధ్య ఉన్న 10 దగ్గర. గుణించాలా, భాగించాలా అని టెన్షన్. దాన్ని బట్టీ పట్టే బదులు ఇలా చూడండి. పాయిజ్ అంటే సెంటీమీటర్-సెకండ్‌కు ఒక గ్రాము. పాస్కల్-సెకండ్ అంటే మీటర్-సెకండ్‌కు ఒక కిలో. కిలోకు 1000 గ్రాములు, మీటరుకు 100 సెంటీమీటర్లు, 1000ని 100తో భాగిస్తే 10. కాబట్టి ఒక పాస్కల్-సెకండ్‌లో 10 పాయిజ్‌లు. ఇంకా అనుమానంగా ఉంటే 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత దాదాపు 1 సెంటీపాయిజ్ అని గుర్తుంచుకోండి. మీ లెక్కలో తోతాపురి గుజ్జు నీళ్లకన్నా పల్చగా తేలిందంటే దశాంశ బిందువు ఎక్కడో జారినట్టే.

మీది ముల్లు తిరిగే పాత బ్రూక్‌ఫీల్డ్ విస్కోమీటర్ అయితే ముందు ముల్లు రీడింగ్‌ను సెంటీపాయిజ్‌లోకి తేవాలి. ఆర్‌వీ మోడల్‌లో 4వ నంబర్ స్పిండిల్ (గుజ్జులో ముంచి తిప్పే కడ్డీ), 20 ఆర్‌పీఎం అయితే గుణకం 100. ముల్లు 38 దగ్గర నిలిస్తే 3800 సెంటీపాయిజ్, అంటే 38 పాయిజ్‌లు, 3.8 పాస్కల్-సెకండ్లు. ముల్లు 10 లోపే ఆగిపోతుంటే ఆ రీడింగ్‌ను నమ్మకండి, స్పిండిల్ మార్చండి.

అసలు గొడవలు వచ్చేది యూనిట్ల దగ్గర కాదు. గుజ్జును వేగంగా తిప్పేకొద్దీ పల్చబడుతుంది, వేడెక్కినా పల్చబడుతుంది. ఒకే బీకరులోని గుజ్జు 10 ఆర్‌పీఎం దగ్గర ఒక అంకె, 50 దగ్గర అంతకన్నా బాగా తక్కువ అంకె చూపిస్తుంది. ఒక సీజన్‌లో కొన్నవాళ్ల ల్యాబ్ రిపోర్టుకూ మా రిపోర్టుకూ పొంతనే లేదు. కన్వర్షన్ తప్పు మీదంటే మీదని ఈమెయిళ్లు నడిచాయి. తీరా ఆరా తీస్తే వాళ్లు శాంపిల్‌ను 20 డిగ్రీలకు చల్లార్చి, నెమ్మదిగా తిప్పి కొలిచారు. మాది జూన్‌లో లైన్ మీద నుంచి తెచ్చి, వేడి తగ్గకముందే పెట్టిన శాంపిల్. యూనిట్లు రెండు వైపులా సరిగ్గానే ఉన్నాయి! అందుకే సర్టిఫికెట్‌లో అంకె పక్కన ఉష్ణోగ్రత, స్పిండిల్ నంబర్, ఆర్‌పీఎం, బ్రిక్స్ (కరిగిన చక్కెరల శాతం) రాయండి. అవి లేని సెంటీపాయిజ్ విలువను నేనైతే పట్టించుకోను.

ఇక సెంటీస్టోక్స్. ఇది వేరే రాశి, స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది. సెంటీపాయిజ్‌ను ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో ఉన్న సాంద్రతతో భాగించండి. సాంద్రత 1.06 అనుకుంటే 3800 సెంటీపాయిజ్ సుమారు 3585 సెంటీస్టోక్స్ అవుతుంది. నీళ్లకు సాంద్రత 1 కాబట్టి రెండు అంకెలూ ఒకటే వస్తాయి, అది చూసి రెండూ ఒకటేననుకునేవాళ్లు ఉన్నారు. నీరు తీసి చిక్కబరిచిన గుజ్జుకు, అంటే కాన్సన్‌ట్రేట్‌కు, సాంద్రత ఇంకా పెరుగుతుంది, కొలిచే వేయండి.

గుజ్జులో నీటిని ఆవిరి చేసే ఎవాపరేటర్ లెక్కలకు పాత అమెరికన్ పుస్తకాలు తిరగేస్తే పౌండ్లు ఎదురవుతాయి. అడుగు-సెకండ్‌కు ఒక పౌండు అంటే సుమారు 1488 సెంటీపాయిజ్. అదే పౌండు ద్రవ్యరాశిని కాకుండా బలాన్ని సూచిస్తూ, చదరపు అడుగుకు పౌండు-సెకండ్ అని ఉంటే అది 47.88 పాస్కల్-సెకండ్లు. రెంటికీ తేడా 32 రెట్లు. పంపు సైజు తప్పిపోవడానికి అది చాలు.

బాస్ట్‌విక్ కన్సిస్టోమీటర్ సెంటీమీటర్లను సెంటీపాయిజ్‌లోకి మార్చే ఫార్ములా కూడా అడిగారు. అలాంటిది లేదండి. అది 30 సెకండ్లలో గుజ్జు తొట్టిలో ఎంత దూరం పాకిందో చెప్పే కొలత మాత్రమే. కావాలంటే మీ గుజ్జుకే, ఒకే ఉష్ణోగ్రతలో రెండు పరికరాలతోనూ కొలుస్తూ ఒక పట్టిక తయారు చేసుకోవచ్చు. అది పక్క ఫ్యాక్టరీ గుజ్జుకు పనికిరాదు.

పంపు సప్లయర్‌కు మాత్రం ఒక్క సెంటీస్టోక్స్ అంకె ఇచ్చి వదిలేయకండి. రెండు మూడు వేగాల దగ్గర తీసిన సెంటీపాయిజ్ రీడింగులు, సాంద్రత, పంపింగ్ ఉష్ణోగ్రత ఇవ్వండి, కావలసింది అతనే లెక్కేసుకుంటాడు.