త్రిభుజాకారపు రన్‌వేల వెనుక కథ

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని హంబర్‌సైడ్ వంటి చిన్న విమానాశ్రయాలను పైనుంచి చూస్తే పాత రన్‌వేలు త్రిభుజంలా ఒకదానినొకటి ఖండించుకుంటూ కనిపిస్తాయి. ఎందుకు?

జవాబు: అవి రెండవ ప్రపంచయుద్ధపు ఆనవాళ్లు. 1974లో పౌర విమానాశ్రయంగా మారిన హంబర్‌సైడ్, 1942లో కిర్మింగ్టన్ అనే పేరుతో బ్రిటిష్ వాయుసేన స్థావరంగా మొదలైంది. 166వ స్క్వాడ్రన్‌కు చెందిన లాంకాస్టర్ బాంబర్లు ఇక్కడి నుంచే దాడులకు వెళ్లేవి. తోకకింద చక్రం ఉండే ఆ బరువైన విమానాలు పక్కగాలికి సులభంగా దారి తప్పేవి కనుక, గాలి ఎటు వీచినా విమానం దాదాపు దానికి ఎదురుగా పరుగెత్తేలా, బాంబర్ స్థావరాలకు ప్రమాణంగా సుమారు 1,830 మీటర్ల ప్రధాన రన్‌వేనూ, 1,280 మీటర్ల చొప్పున మరో రెండింటినీ వేర్వేరు దిశల్లో నిర్దేశించారు. ముందు చక్రంతో వచ్చిన జెట్ విమానాలు పక్కగాలిని బాగానే తట్టుకుంటాయి గానీ వాటికి పొడవు కావాలి; అందుకే చాలాచోట్ల ఒక్క రన్‌వేనే పొడిగించి, మిగిలినవాటిని విమానాలు నిలపడానికో, మరో పనికో వదిలేశారు. అంచుల్లో చెదురుమదురుగా కనిపించే కాంక్రీటు వలయాలు మరీ ఆసక్తికరమైనవి: ఒకే దాడిలో అన్నీ ధ్వంసం కాకుండా విమానాలను విడివిడిగా నిలిపినది వాటిమీదే.