గోల్ కొట్టని రోజుల గురించి రాయి

ప్రియమైన అమ్మాయికి,

నువ్వు పంపిన నలభై పేజీలు అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి సోమవారం రాత్రి ఒక్క ఊపున, రెండోసారి పెన్సిల్ పట్టుకుని నిదానంగా. భారత ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరుసలో ఆడి గోల్స్ కొట్టేవాడిగా పేరు తెచ్చుకున్న సునీల్ ఛెత్రి మీద తెలుగులో ఒక పుస్తకం రాయాలని నీ వయసులో నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. ముప్పై ఏళ్లు స్పోర్ట్స్ డెస్కులో పనిచేసినవాణ్ణి. క్రికెట్ పోగా మిగిలిన జాగాలో ఫుట్‌బాల్ వార్త ఇరికించడానికి ఎన్ని రాత్రులు తంటాలు పడ్డానో నాకు తెలుసు. నీ మీద ఆశ పెట్టుకున్నాను కాబట్టి కొన్ని మాటలు కటువుగా ఉంటాయి. ఏమనుకోకు.

ముందు మొదటి పేజీ సంగతి. "మన సికింద్రాబాద్ బిడ్డ" అని ఎత్తుకున్నావు. 1984 ఆగస్టు 3న అతను సికింద్రాబాద్‌లో పుట్టిన మాట నిజమే. తండ్రి సైన్యంలో పనిచేశాడు. బదిలీ వచ్చినప్పుడల్లా పెట్టెలు సర్దుకునే ఇల్లు అది. అతని ఆట ఢిల్లీలో రూపు కట్టింది, 2002లో కోల్‌కతా మోహన్ బగాన్‌లో వృత్తిగా మారింది. అతన్ని మనవాడు అని మొదటి వాక్యంలోనే లాక్కుంటే, చదివేవాళ్లు రెండో పేజీ నుంచి ఆ మనతనం కోసం వెతుకుతారు. అది దొరకదు. పుట్టిన ఊరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు.

సికింద్రాబాద్ గురించి రాయాలని మనసు పీకుతుంటే, దానికి సరైన చోటు వేరే ఉంది. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషి. 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగా వచ్చినవే. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన ఫార్వర్డ్. అనారోగ్యంతో 1963లోనే ఆట ఆపేయాల్సి వచ్చింది. బలరాం ఆడిన రోజుల్లో ఫార్వర్డ్‌కి విదేశం అంటే దేశం తరఫున వెళ్లి రావడమే. ఛెత్రి తరానికి వచ్చేసరికి విదేశం అంటే అక్కడ ఉద్యోగం. ఈ తేడా నీ పుస్తకానికి ఎంతో పనికొస్తుంది. ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

ఇప్పుడు పదిహేడో పేజీ. అక్కడ నువ్వు ఇలా రాశావు: "2010లో అమెరికాలోని కాన్సాస్ సిటీ విజార్డ్స్ తరఫున, 2012లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ తరఫున ఆడి భారత ఫుట్‌బాల్ ఖ్యాతిని ఖండాంతరాలకు చాటాడు." దీని కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీశాను. నలభై పేజీల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన వాక్యం ఇదే. ఇందులో ఏడాదికి పైగా సాగిన ఒక మనిషి జీవితం మాయమైపోయింది.

జరిగింది చూడు. కాన్సాస్ సిటీలో అతను లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. పోటీ మ్యాచ్ అంటూ ఆడింది ఒక్కటే, 2010 ఏప్రిల్‌లో కొలరాడో రాపిడ్స్ మీద, లీగ్‌తో సంబంధం లేని యూఎస్ ఓపెన్ కప్ టోర్నీ కోసం. జూలైలో మాంచెస్టర్ యునైటెడ్ వచ్చి స్నేహపూర్వక మ్యాచ్ ఆడితే సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆ మ్యాచ్‌లో విజార్డ్స్ 2-1తో గెలిచింది. మిగతా రోజులన్నీ ప్రాక్టీస్, జిమ్, బెంచ్. లిస్బన్‌లో స్పోర్టింగ్ బి జట్టుకు, అంటే ఆ క్లబ్ రెండో జట్టుకు, మూడు మ్యాచ్‌లు. 2013 మొదట్లో లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, గోవాకు, చర్చిల్ బ్రదర్స్‌కి వచ్చేశాడు. ఆ సీజన్‌లో చర్చిల్ అప్పటి దేశవాళీ పెద్ద లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచింది.

అంతకుముందు ఇంకొకటి ఉంది, దాన్ని నువ్వు అసలు తాకలేదు. 2009లో లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. ఫిఫా ర్యాంకింగ్స్‌లో మొదటి 70లో లేని దేశం నుంచి వచ్చినవాడని అభ్యంతరం. అతని కాలు, ఫిట్‌నెస్ ఎలా ఉన్నా ఆ తలుపు తెరుచుకోలేదు. అతని దేశపు ర్యాంకు అడ్డం పడింది. విదేశాల్లో ఆడాలనుకునే మన ఆటగాడి కష్టం ఎక్కడ మొదలవుతుందో ఈ ఒక్క కాగితం చెప్పేస్తుంది. దీనికి కనీసం నాలుగు పేజీలు ఇవ్వు.

ఫార్వర్డ్‌కి బెంచ్ అంటే ఏమిటో పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పు. జట్టులో డిఫెండర్లు నలుగురు ఉండొచ్చు, ముందు ఆడేవాడికి మాత్రం ఒకటో రెండో చోట్లు. కోచ్ ఒకడిని నమ్మితే మిగిలినవాళ్లకు వారాలు గడిచిపోతాయి. అప్పట్లో పోటీ మ్యాచ్‌లో మూడు మార్పులే అనుమతి. జట్టు వెనకబడి ఉంటే 70వ నిమిషంలో పిలుపు వస్తుంది, ఇరవై నిమిషాల్లో ఏదో ఒకటి చేసి చూపించాలి. విదేశీ ఆటగాళ్లు ఇంతమందే ఉండాలని లీగ్ పెట్టిన లెక్క ఒకటి. మధ్యలో దేశం పిలిస్తే వెళ్లాలి, ఖండాలు దాటి ఆడి రావాలి, తిరిగొచ్చేసరికి ఆ చోటులో ఇంకొకడు కుదురుకుని ఉంటాడు. ఇందులో ఎవరి కుట్రా లేదు. నువ్వు ఇరవయ్యో పేజీలో కోచ్ మీద వేసిన నింద తీసేయి. దానికి ఆధారం నీ దగ్గర లేదు.

అదే పేజీలో అతను బెంచ్ మీద కూర్చుని అమ్మను తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడని రాశావు. ఎవరు చెప్పారు నీకు? బతికున్న మనిషి మనసులోకి దూరి కన్నీళ్లు పెట్టించే హక్కు మనకు లేదు, అమ్మాయ్. బయటికి కనిపించేది రాయి. తేదీలు పక్కపక్కన పెట్టు చాలు. 2010లో కాన్సాస్ సిటీలో ఉన్న నెలలన్నీ ఒక్క పోటీ మ్యాచ్‌తో గడిచాయి. 2011 జనవరిలో దోహాలో ఆసియా కప్. భారత్ అంతకుముందు ఆ టోర్నీ ఆడింది 1984లో, అతను పుట్టిన ఏడాది. మన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది, ఆస్ట్రేలియా చేతిలో 0-4, బహ్రెయిన్ చేతిలో 2-5, దక్షిణ కొరియా చేతిలో 1-4. భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు ఛెత్రివి. క్లబ్ ఆడనివ్వని ఏడాది పూర్తయ్యీ అవ్వకముందే ఆసియాలో పెద్ద జట్ల మీద గోల్స్. ఈ రెండూ ఒకే పేజీలో ఉంటే పాఠకుడి గొంతు దానంతట అదే పట్టుకుంటుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 2010 ఏప్రిల్‌లో ఆ కొలరాడో మ్యాచ్ వార్త నా టేబుల్ మీదికే వచ్చింది. ఆ నెలంతా ఐపీఎల్. రాత్రి పదకొండున్నరకు పేజీ వెళ్లాలి. నాలుగు లైన్లు రాశాను. పేజీలో పట్టక చివరి లైను కోసేశారు, నేను అడ్డు చెప్పలేదు. అంతకంటే పెద్ద తప్పు, ఆ తర్వాత అతను ఏమయ్యాడో కనుక్కోలేదు. వెళ్లాడని రాశాం, వచ్చాడని రాశాం. మధ్యలో ఒక ఫార్వర్డ్ ఎలా రోజులు నెట్టుకొచ్చాడో తెలుగులో ఎవరమూ రాయలేదు. నీ పదిహేడో పేజీ చదువుతుంటే నా పాత తప్పే మళ్లీ కనిపించింది. అందుకే అంత బాధేసింది.

బంతి లేని ఫార్వర్డ్‌ని చూడటం నేర్చుకో. ఇది ఇంట్లో హైలైట్స్ చూస్తే రాదు, అందులో గోల్స్ తప్ప ఏమీ మిగల్చరు. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక లోకల్ లీగ్ మ్యాచ్‌కి వెళ్లి, తొంభై నిమిషాలూ ఒకే కుర్రాణ్ణి చూశాను. పచ్చ బనీను, ఎడమ మోకాలికి క్రేప్ బ్యాండేజ్. బంతి ఎటు పోయినా నా కళ్లు వాడి మీదే. మొదట్లో కష్టంగా ఉంటుంది, అరుపులు వినిపించిన వైపు మెడ దానంతట అదే తిరుగుతుంది. కాసేపటికి అలవాటైంది. వాడు ఊరికే నిలబడటం లేదు. బంతి అవతలి చివర ఉన్నప్పుడు కూడా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు, డిఫెండర్ ఎక్కడున్నాడో అని. రెండు అడుగులు వెనక్కి వేసి, డిఫెండర్ కూడా సడలిన క్షణంలో దగ్గరి పోస్ట్ వైపు దూసుకెళ్తున్నాడు. బంతి రాదు. చేత్తో మట్టి దులుపుకుని మళ్లీ అదే చోటికి నడుస్తాడు. మళ్లీ పరుగు, మళ్లీ రాదు. రెండో సగంలో ఒక్కసారి క్రాస్ వచ్చింది, తల తగిలింది, బంతి బార్ మీదుగా పోయింది. పక్కనున్న పెద్దాయన "దండగ పిల్లోడు" అన్నాడు. అంతకుముందు వాడు చేసిన ఇరవై పరుగులూ ఆయన చూడలేదు. నువ్వు ఆ ఇరవై పరుగులు చూసినదానివై రాయాలి.

ఆ తర్వాతే గోల్స్ జోలికి వెళ్లు. 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో కువైట్ మీద ఆడి వీడ్కోలు చెప్పేనాటికి అతని లెక్క 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. నీ చిత్తుప్రతిలో దాదాపు అన్నీ ఏకరువు పెట్టావు. చదువుతుంటే రైల్వే టైమ్‌టేబుల్‌లా ఉంది. నాలుగు ఎంచుకో, మిగతావి వదిలేయి. నన్నడిగితే మొదటిది 2005 జూన్ 12, క్వెట్టా. తొలి అంతర్జాతీయ మ్యాచ్, పాకిస్తాన్ మీద, వాళ్ల గడ్డ మీద గోల్. రెండోది 2008 ఆగస్టు, ఢిల్లీ అంబేద్కర్ స్టేడియం. ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో తజికిస్తాన్ మీద హ్యాట్రిక్. భారత్‌కి ఆసియా కప్ తలుపు తెరిచింది ఆ మ్యాచే. దోహా దానికి కొనసాగింపు కాబట్టి నీ కథ తెగకుండా సాగుతుంది. మూడోది నీ ఇష్టం. నాలుగోది 2025 మార్చిలో, రిటైర్మెంట్ వెనక్కి తీసుకుని నలభై ఏళ్ల వయసులో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద కొట్టిన హెడర్. మనిషి ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. అంత ఎత్తువాడు ఎత్తైన డిఫెండర్ల మధ్య ఇన్నేళ్లు తలతో గోల్స్ ఎలా కొట్టాడన్నది నువ్వు మ్యాచ్‌లు చూసి, పరుగులు లెక్కపెట్టి చెప్పాల్సిన విషయం. "గాల్లోకి పులిలా ఎగిరాడు" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ఏ క్షణంలో కదిలాడో చెప్పు.

మెస్సీ, రొనాల్డో పేర్లు పదకొండుసార్లు వచ్చాయి, లెక్కపెట్టాను. ఒక్కసారి చాలు. అతని గోల్స్‌లో చాలా దక్షిణాసియా జట్ల మీద కొట్టినవేనని కూడా చెప్పు. దాచితే ఎవరో ఒకరు పట్టుకుంటారు, అప్పుడు నీ పుస్తకం మొత్తాన్నీ అనుమానిస్తారు. ప్రత్యర్థి ఎవరైనా, బంతి సరిగ్గా అందని జట్టులో పందొమ్మిదేళ్లు గోల్స్ కొడుతూ ఉండటం చిన్న విషయం కాదు. ఆ నిజానికి అలంకారం అక్కర్లేదు.

2018 జూన్ ముంబై ఘట్టం నీ చేతిలో బాగా వచ్చింది. చైనీస్ తైపీ మీద 5-0, అందులో అతనిది హ్యాట్రిక్, స్టేడియంలో ఉన్నది 2,569 మంది. మర్నాడు వీడియోలో వచ్చి, తిట్టండి, విమర్శించండి, కానీ ఒక్కసారి గ్రౌండ్‌కి వచ్చి చూడండి అని అడుక్కున్నాడు. తర్వాతి కెన్యా మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి. అది అతని వందో మ్యాచ్, వర్షంలో రెండు గోల్స్. ఇక్కడ ఒక్క అక్షరం ముట్టుకోకు. ఒక్కటి మాత్రం కలుపు: యూరప్ క్లబ్‌ల అభిమానుల్ని కూడా అతను ప్రత్యేకంగా పిలిచాడు, మా ఆట ఆ స్థాయిలో లేదని తనే ఒప్పుకుంటూ. లిస్బన్ వెళ్లి వచ్చిన మనిషి ఆ మాట అంటున్నాడని గుర్తు చేస్తే ఆ పేజీ బరువు మారిపోతుంది.

ఇతని ముందూ వెనకా ఉన్నవాళ్లకు ఒక చిన్న అధ్యాయం ఇవ్వు. 1936లో స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్‌కి బూట్లు లేకుండా ఆడిన మహమ్మద్ సలీం, 1999లో ఇంగ్లండ్‌లో బరీ క్లబ్‌కి వెళ్లిన భైచుంగ్ భూటియా, 2020లో స్కాట్లాండ్ రేంజర్స్‌లో చేరిన మణిపురి ఫార్వర్డ్ బాలా దేవి. ఇక 2022లో క్రొయేషియాకు, డైనమో జాగ్రెబ్‌కి వెళ్లిన గుగులోతు సౌమ్య. నిజామాబాద్ జిల్లా అమ్మాయి. "మన బిడ్డ" అన్న మాట అక్కడ వాడుకో, ఎవరూ కాదనరు. అయినా ముందు ఛెత్రి పుస్తకం పూర్తిచెయ్యి. ఆమె గురించి రాయాల్సింది వేరే పుస్తకం.

పదిహేడో పేజీ నుంచి ఇరవై రెండు దాకా చించేసి మళ్లీ రాసి పంపు. కాన్సాస్ సిటీ ఒక అధ్యాయం, లిస్బన్ ఒక అధ్యాయం. తొందరేం లేదు, సంక్రాంతిలోపు పంపినా సరే. వచ్చే ఆదివారం పొద్దున జింఖానా గ్రౌండ్ దగ్గర పిల్లలు ఆడుతుంటారు, నేను ఏడింటికల్లా అక్కడుంటాను. రాగలిగితే రా. ఫోన్ బ్యాగులో పెట్టెయ్యి, నోట్‌బుక్ తెచ్చుకో. ఏ పిల్లాణ్ణి చూడాలో నువ్వే ఎంచుకో.

ఆశీస్సులతో,
నీ మాస్టారు