నాలుగో తరగతి పాప వ్యాసం, కథ సొంతంగా రాయాలంటే ఏం చేయాలి?

గైడులో ఉన్నది బట్టీ పట్టడం తప్ప సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం లేదని అడిగారు. ఈ వయసు పిల్లలకు మాటలకు కొదవ ఉండదు, విషయం మరీ పెద్దదైపోవడమే చిక్కు. 'సంక్రాంతి' అనగానే 'సంక్రాంతి తెలుగువారి పెద్ద పండుగ' అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. దాని బదులు 'భోగి మంటలో మనింట్లోవి ఏమేం వేశాం? నీకు పొగ కళ్లలోకి వచ్చిందా?' అని అడగండి. ముందు నోటితో చెప్పనివ్వండి. చెప్పిన మాటల్నే, ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయమనండి. పుస్తక భాష తర్వాత నేర్చుకోవచ్చు.

కథకైతే మనకు ఏడు చేపల కథ ఉండనే ఉంది. చేప ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డొచ్చింది. అదెందుకు అడ్డొచ్చింది? ఆవు మేయలేదు. ఇలా చీమ దాకా ప్రతి మెట్టుకూ ఒక 'ఎందుకు' ఉంటుంది. పాప 'కుక్కపిల్ల పారిపోయింది' అని రాస్తే మీరూ అలాగే 'ఎందుకు పారిపోయింది?' అనండి. జవాబే తర్వాతి వాక్యం. తెలిసిన కథలో ఒక్కటి మార్చినా చాలు: దాహం వేసిన కాకికి కుండ పక్కన ఒక్క రాయి కూడా దొరకలేదనుకోండి, అప్పుడేం చేస్తుంది?

మొదటిసారి రాసినప్పుడు ఎర్ర పెన్ను ముట్టుకోకండి. వాళ్లు రాసింది వాళ్ల చేతే పైకి చదివించండి, సగం తప్పులు వాళ్లకే దొరుకుతాయి. ఒత్తులు, దీర్ఘాలు మర్నాడు, అదీ రెండు మూడుకు మించకుండా. 'నీతి: ...' అని చివర రాయాలన్న నియమం కూడా నా మటుకు అనవసరం.