నెక్ లిఫ్ట్ ఫాం మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: నా వయసు 54. విజయవాడలో ఉంటాం. బరువు తగ్గాక గడ్డం కింద, మెడ మీద చర్మం వేలాడుతోంది. హైదరాబాద్‌లో ఒక కాస్మెటిక్ క్లినిక్‌కు వెళ్తే నెక్ లిఫ్ట్ సర్జరీ చేస్తామన్నారు. మొత్తం 2 లక్షల 80 వేలు, లక్ష అడ్వాన్స్ కట్టాను. మూడు రోజుల్లో మామూలైపోతారని, మచ్చ అసలు పడదని, పదేళ్లు చిన్నగా కనిపిస్తారని అక్కడి కౌన్సెలర్ చెప్పింది. ఇంకో ఆరు వారాల్లో మా అమ్మాయి పెళ్లి. ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఉన్న ఒక ఫాం పంపి సంతకం పెట్టమంటున్నారు. ఏం జరిగినా క్లినిక్ బాధ్యత లేదని, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వమని అందులో ఉంది. మావారి సంతకం కూడా కావాలట. నా ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోనిస్తే 20 వేలు తగ్గిస్తారట. సంతకం పెట్టొచ్చా? తేడా వస్తే కేసు వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సంతకం ఇంకా పెట్టలేదు కాబట్టి అడిగి రాయించుకునే అవకాశం మీకు పూర్తిగా ఉంది. ఆపరేషన్ అయిపోయాక వచ్చేవాళ్లకు నాలాంటి లాయర్లు చేయగలిగేది ఇంతకంటే చాలా తక్కువ.

ముందు కేసు సంగతి. వేయొచ్చు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే శాంతా కేసులో తేల్చింది. 2019లో కొత్త చట్టం వచ్చాక, అందులో ‘సేవ’ నిర్వచనంలో వైద్యం అన్న మాట లేదని డాక్టర్ల తరఫున మళ్లీ వాదన లేచింది. బొంబాయి హైకోర్టు 2021లో, సుప్రీంకోర్టు 2022లో ఆ వాదనను ఒప్పుకోలేదు. అందం కోసం చేయించుకున్నంత మాత్రాన మీ హక్కు తగ్గదు.

కేసు వేయడం, గెలవడం ఒకటి కాదు. ‘మెడ నేను అనుకున్నట్టు రాలేదు’ అన్నది ఒక్కటే అయితే వినియోగదారుల కమిషన్ ముందు నిలబడదు. డాక్టర్ మామూలుగా తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదనో, ముందే చెప్పాల్సింది చెప్పలేదనో, లేనిపోని మాట చెప్పి డబ్బు కట్టించుకున్నారనో చూపించాలి. అది నిరూపించే భారం మీ మీదే ఉంటుంది. అందుకే ఈ సర్జరీ నుంచి ఏం ఆశించవచ్చో మీకు ముందే తెలియాలి. ప్రతి డాక్టరూ చెప్పే మామూలు ఇబ్బందికి, నిర్లక్ష్యానికి తేడా తెలియకపోతే సరైన కేసును కూడా తప్పుగా రాసుకుంటాం.

నెక్ లిఫ్ట్‌లో సాధారణంగా చెవి ముందు మొదలుపెట్టి, చెవి తమ్మె కింది నుంచి వెనక్కి, జుట్టులోకి వెళ్లేలా కోత పెడతారు. చాలామందికి గడ్డం కింద ఇంకో చిన్న కోత ఉంటుంది. మెడ ముందు పలచగా పరుచుకుని ఉండే ప్లాటిస్మా కండరాన్ని బిగించి, అవసరమైతే కొవ్వు తీసి, మిగిలిన చర్మాన్ని కత్తిరించి కుడతారు. పూర్తి మత్తు ఇస్తారు, లేదా లోకల్ మత్తుతో పాటు నిద్రమత్తు ఇస్తారు. రక్తం, నీరు బయటకు రావడానికి సన్న గొట్టాలు పెట్టవచ్చు. మెడ చుట్టూ బిగుతుగా పట్టీ ఉంటుంది. కమిలిన రంగు, వాపు ఎక్కువ భాగం తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. చెవి చుట్టూ, మెడ మీద తిమ్మిరి వారాల నుంచి నెలల దాకా ఉండొచ్చు. అసలు రూపం బయటపడటానికి కొన్ని నెలలు పడుతుంది. మచ్చ ఉంటుంది. నేర్పున్న సర్జన్ దాన్ని చెవి మడతలో, జుట్టులో దాచగలడు తప్ప లేకుండా చేయలేడు. మన చర్మాల్లో కొందరికి మచ్చ ఉబ్బి కీలాయిడ్‌గా మారుతుంది కూడా. ఇంతకుముందు చెవులు కుట్టించుకున్న చోటో, ఇంకో ఆపరేషన్ చోటో అలా ఉబ్బి ఉంటే తప్పకుండా చెప్పండి.

ఇక ప్రమాదాలు. చర్మం కింద రక్తం గూడుకట్టడం (డాక్టర్లు హెమటోమా అంటారు) ఎక్కువగా మొదటి 24 గంటల్లో వస్తుంది. బీపీ అదుపులో లేనివాళ్లకు ఆ ముప్పు పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ రావొచ్చు. పొగతాగేవాళ్లకు చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు. కింది పెదవిని కదిపే నరం దెబ్బతింటే నవ్వు ఒక పక్కకు పోతుంది. చాలాసార్లు మెల్లగా కోలుకుంటుంది, ఎప్పుడో ఒకసారి కోలుకోదు. మధ్యలో కొవ్వు ఎక్కువ తీసేస్తే గడ్డం కింద గుంట పడుతుంది.

వీటిలో ఏదైనా వచ్చినంత మాత్రాన డాక్టర్ తప్పు చేసినట్టు కాదు. రక్తం గూడుకడితే నిర్లక్ష్యం అనలేం. రాత్రి మెడ ఉబ్బి ఊపిరి ఆడటం లేదని మీవాళ్లు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తకపోవడం, క్లినిక్‌లో మత్తు డాక్టర్ లేకపోవడం, ఆలస్యంగా వేరే ఆసుపత్రికి పంపడం, ఇవి నిర్లక్ష్యం. అందుకని ఆ రాత్రి అక్కడే ఉంచుతారా, డ్యూటీలో ఎవరుంటారు, అవసరమైతే ఏ ఐసీయూకి తీసుకెళ్తారు అని ఇప్పుడే మెయిల్‌లో అడగండి. మర్నాడే విజయవాడ బస్సెక్కించే ప్యాకేజీ అయితే నేనైతే వద్దంటాను. మీ వైపు నుంచి బీపీ, షుగర్ మాత్రలు, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులు, ఆయుర్వేదం, మూలికల మందులు, ఏవీ దాచవద్దు. దాచినట్టు తేలితే అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఇప్పుడు కౌన్సెలర్ మాటలు. ‘పదేళ్లు చిన్నగా కనిపిస్తారు’ అన్నది వ్యాపారం మాట, దాన్ని పట్టుకుని పెద్దగా లాభం లేదు. ‘మూడు రోజుల్లో మామూలు’, ‘మచ్చ అసలు పడదు’ అన్నవి అలా కాదు. ఇవి నిజమో అబద్ధమో తేల్చగలిగిన మాటలు. తప్పుదోవ పట్టించే ఇలాంటి మాటలతో సేవను అమ్మడం 2019 చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. కాకపోతే రేపు ‘మేం అలా అనలేదు’ అంటారు. అందుకే ఈ రోజే ఆమెకు వాట్సాప్ చేయండి: ‘నిన్న మీరు మచ్చ పడదు, మూడు రోజుల్లో బయటకు వెళ్లొచ్చు అన్నారు కదా, డాక్టర్‌గారు కూడా అదే అంటున్నారా?’ అవునన్నా, కాదన్నా మీకు పనికొస్తుంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాం కదా అని అసలు చాట్‌ను చెరిపేయకండి. ఇవే మాటలు ప్రకటనలో ఉంటే అది కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు చెప్పాల్సిన విషయం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆ సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు. జాతీయ హెల్ప్‌లైన్ 1915.

కౌన్సెలర్ ఆపరేషన్ చేయదు, నిజమే. మరి ఎవరు చేస్తారు? మీ ఉత్తరంలో సర్జన్ పేరే లేదు. ఫాంలో కూడా ‘డాక్టర్, టీమ్’ అని మాత్రమే ఉందేమో చూడండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ లాంటి డిగ్రీ ఉందా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఏమిటి అని అడిగి, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో చూసుకోండి. వర్క్‌షాప్‌లో చూశామనో, యూట్యూబ్‌లో చూశామనో జుట్టు మార్పిడి లాంటి అందం చికిత్సలు మొదలుపెట్టకూడదని ఆ కమిషనే 2022లో చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. సర్జన్ పేరు, మత్తు డాక్టర్ పేరు ఫాంలో రాయించాకే ముందుకు వెళ్లండి.

ఇక ఆ ఫాం. ‘ఏం జరిగినా మా బాధ్యత లేదు’ అన్న వాక్యం చూసి భయపడకండి. మామూలుగా వచ్చే ఇబ్బందులను మీరు తెలిసి ఒప్పుకున్నారని చెప్పడానికి ఆ సంతకం వాళ్లకు పనికొస్తుంది. నిర్లక్ష్యానికి మాత్రం రక్షణ కాదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇలాంటి ఫాంలలో చిన్న అక్షరాల్లో ఉండే ఇంకో వాక్యం: ‘ఆపరేషన్ సమయంలో డాక్టర్‌కు అవసరమనిపించిన ఇతర ప్రక్రియలకు కూడా నేను సమ్మతిస్తున్నాను.’ ప్రాణాపాయం వస్తే చేయాల్సింది చేయమనండి, అది వేరు. మత్తులో ఉండగా గడ్డానికి ఇంప్లాంట్ పెట్టి, బుగ్గలు కూడా లాగి, బిల్లు పెంచడానికి ఈ వాక్యం దారి ఇవ్వకూడదు. దాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, చేయబోయేది నెక్ లిఫ్ట్ ఒక్కటే అని రాయండి.

ఈ విషయంలో 2008 నాటి సమీరా కోహ్లి తీర్పు మీకు అండ. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన అవివాహిత మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి తీసేశారు. పెద్దవయసు మనిషి తరఫున, అత్యవసరం లేనప్పుడు, తల్లి ఒప్పుకున్నా చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. చికిత్స ఏమిటి, ఎందుకు, ప్రత్యామ్నాయాలు ఏమిటి, గట్టి ప్రమాదాలు ఏమిటి అన్నవి తెలిశాక ఇచ్చేదే నిజమైన సమ్మతి అని కూడా చెప్పింది. అరుదుగా వచ్చే ప్రతి ప్రమాదాన్నీ ఏకరువు పెట్టాల్సిన పని లేదని అదే తీర్పులో ఉంది. కానీ మీది ప్రాణం నిలిపే ఆపరేషన్ కాదు, వద్దనుకుంటే మానేయగలిగింది. కాబట్టి మీకు ఇంకాస్త వివరంగా చెప్పాలన్నది నా అభిప్రాయం. కొవ్వు తీసే లైపోసక్షన్ ఒక్కటే సరిపోతుందా, అసలు ఏమీ చేయించుకోకపోతే ఏమవుతుంది అనేవి కూడా అడగండి.

ఇంగ్లిష్ రాకపోతే తెలుగు ఫాం అడగడానికి మొహమాటపడొద్దు. ఇవ్వకపోతే ‘తెలుగులో ఫలానా వారు చదివి వినిపించారు’ అని రాసి తేదీ వేయండి, వినిపించకుండా మాత్రం అలా రాయకండి.

మీవారి సంతకం చట్టానికి అక్కర్లేదు. మీ శరీరం మీద నిర్ణయం మీది. సాక్షిగా పెట్టమంటే పెట్టనివ్వండి, నష్టం లేదు. ఆయన ఒప్పుకోవడం లేదని ఆపరేషన్ ఆపితే అది క్లినిక్ సొంత నియమమే.

మీ ఫొటోలను మీ అనుమతి లేకుండా బయటపెట్టడం వైద్యుల నడవడి నిబంధనల (2002) ప్రకారం తప్పు. 20 వేల కోసం ఇస్తారా అన్నది మీ ఇష్టం. ఇస్తే ఆ కాగితం విడిగా ఉండాలి, ఎప్పుడైనా తీసేయమనే హక్కు అందులో రాయాలి. ఒకసారి నెట్‌లోకి వెళ్లిన ఫొటోను పూర్తిగా వెనక్కి తెప్పించడం కష్టం. నేనైతే ఆ తగ్గింపు వదులుకుంటాను. మీ దగ్గర మాత్రం ఫొటోలు ఉండాలి. ఆపరేషన్‌కు ముందు ఎదురుగా, రెండు పక్కల నుంచి, ఒకే వెలుతురులో తీసి దాచుకోండి. తర్వాత ప్రతి వారం అలాగే తీయండి.

డబ్బు సంగతి. ఆపరేషన్ మానేస్తే లక్షా పోయినట్టేనా? కాదు. వాళ్లకు నిజంగా అయిన ఖర్చు, పరీక్షలు, థియేటర్ బుకింగ్ లాంటివి మినహాయించుకోవచ్చు. మొత్తం మింగేస్తామంటే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం సమంజసమైన పరిహారానికి మించి తీసుకోవడానికి లేదని వాదించవచ్చు. రసీదు, బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. మామూలు వైద్యానికి ఉన్న జీఎస్టీ మినహాయింపు అందం కోసం చేసే సర్జరీకి వర్తించదు. కాబట్టి 2 లక్షల 80 వేలలో పన్ను కలిసి ఉందో లేదో అడగండి. ‘బిల్లు వద్దంటే ట్యాక్స్ తగ్గుతుంది’ అంటే తల ఊపకండి. ఆ బిల్లే రేపు మీరు వినియోగదారు అనడానికి రుజువు. ‘టచప్ (తర్వాత చేసే చిన్న సవరణ) ఫ్రీ’ అంటే మత్తు, థియేటర్ ఖర్చులు కూడా ఫ్రీయేనా అన్నది రాయించండి. ఆరోగ్య బీమా పాలసీల్లో కాస్మెటిక్ సర్జరీ ప్రామాణిక మినహాయింపుల్లో ఉంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసేవాటికి, వైద్యపరంగా తప్పనిసరైనవాటికి తప్ప రాదు. తర్వాత ఇబ్బంది వచ్చి ఆసుపత్రిలో చేరినా కంపెనీ ఇదే చూపించి పేచీ పెట్టవచ్చు.

తేడా వస్తే ముందు వైద్యం చేయించుకోండి, అవసరమైతే వేరే చోట. ఆ రెండో సర్జన్ అభిప్రాయం కాగితం మీద తీసుకోండి. కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, మత్తు రికార్డు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇలాంటి కేసుల్లో నిపుణుడి సాక్ష్యం చాలా అవసరమే. ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని మాత్రం సుప్రీంకోర్టు 2010లో, మన హైదరాబాద్ నుంచే వెళ్లిన ఒక కేసులో చెప్పింది.

మీరు హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు. కొత్త చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. ఎంత పరిహారం అడుగుతున్నారన్నది కాదు, ఎంత చెల్లించారన్నది చూస్తారు. 50 లక్షల దాకా జిల్లా కమిషన్, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మెడికల్ కౌన్సిల్‌కు విడిగా ఫిర్యాదు చేయొచ్చు కానీ అక్కడ పరిహారం రాదు, డాక్టర్ మీద చర్య ఉంటుంది. పోలీసు కేసు సంగతి అంత తొందరగా ఆలోచించకండి. జాకబ్ మాథ్యూ తీర్పు (2005) ప్రకారం క్రిమినల్ కేసుకు చాలా తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు వేరే వైద్యుడి అభిప్రాయం కూడా తీసుకోవాలి.

చివరగా పెళ్లి. ఆరు వారాల్లో వాపు చాలావరకు తగ్గొచ్చు, కానీ గట్టిదనం, తిమ్మిరి, ఎర్రని గీత మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. ఏదైనా చిక్కు వస్తే ఆ టెన్షన్ పెళ్లి పనుల మీద పడుతుంది. పెళ్లయ్యాక తేదీ ఇవ్వమని, అప్పటిదాకా అడ్వాన్స్ అలాగే ఉంచమని క్లినిక్‌కు మెయిల్ పెట్టండి. కుదరదంటే ఆ మాట కూడా రాతలో తీసుకోండి. జవాబు వచ్చేదాకా మిగతా లక్షా 80 వేలు కట్టకండి.